మొదటి ఉద్యోగంలో ఎవరి పక్కన కూర్చుంటారు?

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో నేను డాక్యుమెంటేషన్ చూస్తాను. సీజన్ మొదలయ్యే ముందు కొత్తవాళ్లను తీసుకుంటాం, ఆ ఇంటర్వ్యూలకు నేనూ కూర్చుంటాను. వచ్చేది ఎక్కువగా ఈ చుట్టుపక్కల పిల్లలే. ప్రత్తిపాడు, పొన్నూరు, తెనాలి, సత్తెనపల్లి వైపు వాళ్లు, విజయవాడ నుంచి కొందరు. ఏం చదివారో మాట్లాడాక అందరినీ ఒకటే అడుగుతాను: "మన మిర్చి యార్డులో కొన్న సరుకు వేరే దేశానికి ఎలా వెళ్తుందో ఏమైనా తెలుసా?" తప్పు చెప్పినా పర్వాలేదు. చాలామంది నోరే విప్పరు. రోజూ యార్డు పక్క నుంచి కాలేజీ బస్సులో వెళ్లినవాళ్లు, ఇంట్లో మిరప తోట ఉన్నవాళ్లు కూడా. అందులో పిల్లల తప్పేమీ లేదు. అన్నేళ్లు చదివించాం కానీ, తాము పెరిగిన ఊరు దేనితో బతుకుతోందో ఎవరం వాళ్లకు చూపించలేదు.

డిగ్రీ చేతికి రాగానే వాళ్లకు కనిపించే దారులు కొన్నే. హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉండి కోర్సు చేయడం, గవర్నమెంటు ఉద్యోగానికి కోచింగ్, స్తోమత ఉంటే ఎంఎస్. వీటిలో ఏదీ తప్పని నేను అనను. మా బంధువుల పిల్లలు అవే దారుల్లో వెళ్లి బాగున్నారు. నా బాధల్లా, మొదటి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు చూడాల్సినదాన్ని మనం చూడటం లేదని. ప్యాకేజీ ఎంత, కంపెనీ పేరేంటి, ఏ ఊరు అని అడుగుతున్నాం. మొదటి రెండు మూడేళ్ల వరకు వీటికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. పని బాగా తెలిసిన మనిషి ఎవరైనా నా పక్కన ఉంటారా? నేను చేసింది చూసి తప్పు దిద్దుతారా? ఆ పని మొదటి నుంచి చివరిదాకా నా కళ్ల ముందు జరుగుతుందా?

ఇది ఎందుకు అంత ముఖ్యమో చెప్పడానికి మా పనే చెబుతాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి.

రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, యార్డుకు తెస్తాడు. కమీషన్ కొట్టు ముందు శాంపిల్ తీస్తారు, ధర కుదురుతుంది, కాటా పడుతుంది. మా తరఫున కొనే పెద్దాయన కాయ చేతిలోకి తీసుకుని విరిచి చూసి, అది తేజా రకమా 334 రకమా, తేమ ఎంత ఉంది, తాలు (రంగు పోయిన కాయ) ఎంత కలిసింది చెప్పేస్తారు. ఆ చూపు రావాలంటే ఆయన పక్కన ఒక సీజన్ నిలబడాల్సిందే, వేరే మార్గం లేదు. అక్కడి నుంచి సరుకు కోల్డ్ స్టోరేజీకో గోడౌనుకో వస్తుంది. ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తారు, తాలు కాయ వేరు చేస్తారు. తర్వాత పరీక్షలు. సరిగా ఎండని కాయకు, కల్లంలో వానకు తడిసిన కాయకు బూజు పడుతుంది. ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్‌కు పంపే మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అన్ని రకాల అఫ్లాటాక్సిన్లు కలిపి 10 దాటకూడదు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్ అనే రంగు బయటపడ్డాక యూరప్ నిబంధనలు బిగించింది, అప్పటి నుంచి ఆ పరీక్ష కూడా వచ్చి చేరింది. ఇవన్నీ చేసే స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి మా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఆ ల్యాబ్ ఒకటుందని తెలిసినవాళ్లు అరుదు.

ఇక కాగితాలు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, పురుగూ తెగులూ లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, పురుగు చావడానికి మందు పొగ పెట్టించామనే ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లు, సరుకు ఓడెక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్. ఎల్‌సీ (కాగితాలు సరిగా ఉంటే డబ్బిస్తానని కొన్నవాళ్ల బ్యాంకు రాసిచ్చే హామీ) మీద అమ్మినప్పుడు, అందులో వేరే గడువు రాసి ఉంటే తప్ప, సరుకు ఓడెక్కిన 21 రోజుల్లోపు ఈ కాగితాలన్నీ బ్యాంకులో పడాలి. కొన్నవాళ్ల పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా పడిందంటే బ్యాంకు తేడా ఉందని రాసి పంపుతుంది, డబ్బు ఆగుతుంది. అక్కడ పోర్టులో కంటైనర్ మీద రోజుకింత అద్దె పడుతూ ఉంటుంది. ఒక్క అక్షరానికి ఎంత టెన్షన్ ఉంటుందో మా ఆఫీసులో ఒక్క వారం కూర్చుంటే అర్థమవుతుంది.

ఇందులో ఎంతమందికి చోటుందో చూడండి. కెమిస్ట్రీ చదివినవాళ్లకు ల్యాబ్ పని ఉంది. బీకాం వాళ్లకు బ్యాంకు, జీఎస్టీ రీఫండు, డ్యూటీ లెక్కలు ఉన్నాయి. అగ్రికల్చర్ వాళ్లకు రైతుల దగ్గరకెళ్లి ఏ మందు ఎప్పుడు కొట్టారో రాసుకునే పని ఉంది. మెకానికల్ వాళ్లకు కోల్డ్ స్టోరేజీలో అమోనియా ప్లాంటు, కారం మిల్లు, క్లీనింగ్ మెషిన్లు. ఇంగ్లిష్ బాగా రాయగలిగినవాళ్లు బయటి దేశాల కొనుగోలుదార్లతో మాట్లాడొచ్చు. వీటికి పేపర్లో ప్రకటనలు పెద్దగా రావు, క్యాంపస్‌కు ఎవరూ వెళ్లరు. తెలిసినవాళ్ల ద్వారానో, నేరుగా ఆఫీసుకొచ్చి అడిగినవాళ్లతోనో నిండిపోతాయి.

కొన్నేళ్ల క్రితం ఒక అమ్మాయి ఇలాగే వచ్చింది. గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ. ఇంగ్లిష్ మాట్లాడటానికి భయపడేది. శాంపిళ్ల రిజిస్టరు రాసే పని ఇచ్చాం. కొన్నాళ్లకు నా దగ్గరకొచ్చి, "మేడం, ఒకే లాట్‌లో, అంటే ఒకే విడత సరుకులో, తీసిన రెండు శాంపిళ్లకు రిపోర్టు ఇంత తేడాగా ఎందుకొస్తోంది? ల్యాబ్ వాళ్లు తప్పు చేశారా?" అని అడిగింది. నాకు చెప్పడం రాక, మా క్వాలిటీ చూసే ఆయన దగ్గరకు పంపాను. ఆయన గోడౌనులోకి తీసుకెళ్లి చూపించారు. బూజు లాట్ అంతటా సమానంగా ఉండదు, ఒక బస్తాలో అసలుండదు, పక్క బస్తాలో ఒక మూల పేరుకుని ఉంటుంది, అందుకే ఎన్ని బస్తాల నుంచి, బస్తాలో ఎక్కడెక్కడి నుంచి తీశామన్న దాని మీదే రిపోర్టు ఆధారపడుతుందని చెప్పారు. తర్వాతి సీజన్ నాటికి శాంపిల్ తీసే పద్ధతి మొత్తం ఆ అమ్మాయే చూసుకుంది. ఇప్పుడు బెంగళూరులో ఒక ఆహార పదార్థాల కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉంది. అక్కడి ఇంటర్వ్యూలో చాలాసేపు శాంపిలింగ్ గురించే అడిగారని ఫోన్ చేసి చెప్పింది. భయపడుతూనే ఇంగ్లిష్‌లో చెప్పిందట, చెప్పడానికి విషయం ఉంది కాబట్టి మాట వచ్చింది.

మిర్చి ఒక్కటే కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్లున్నాయి, ఇంజిన్ పనులు, గేర్‌బాక్స్ పనులు చేసే మేస్త్రీలున్నారు. మెకానికల్ పట్టా ఉండి ఒక్కసారైనా ఆ షెడ్లోకి వెళ్లి నిలబడని పిల్లలు ఎందరో. గుంటూరు బ్రాడీపేటలో, విజయవాడ గవర్నర్‌పేటలో ఆడిటర్ ఆఫీసులున్నాయి. నెలలో 11వ తేదీకి అమ్మకాల వివరాలుండే జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి పన్ను లెక్క తేల్చే 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాల్సిన ఆ హడావిడిలో ఒక ఏడాది పనిచేసిన బీకాం పిల్లలు బట్టల షాపు నుంచి రైస్ మిల్లు దాకా పది రకాల వ్యాపారాల లోపలి లెక్క చూస్తారు.

చిన్న కంపెనీ అయితే చాలు, అక్కడ అన్నీ నేర్చుకోవచ్చని చెబితే అది అబద్ధం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కేకలేసే ఓనరు, ఏం అడిగినా "నీకెందుకు, చెప్పింది చెయ్" అనే మేనేజరు ఉన్న చోట రెండేళ్లుంటే ఉన్న ధైర్యం కూడా పోతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఓపికగా కోడ్ చదివి దిద్దే టీమ్ లీడ్ దొరికితే కళ్లకద్దుకుని వెళ్లండి. నేను కంపెనీ సైజు గురించి మాట్లాడటం లేదు, ఆ పక్క కుర్చీలో కూర్చునే మనిషి గురించి మాట్లాడుతున్నాను.

ఇక్కడ తల్లిదండ్రులు అడిగే మాట నాకు తెలుసు. "ఇక్కడ ఇచ్చే జీతమెంతమ్మా? దానికోసమా బీటెక్ చదివించింది?" న్యాయమైన ప్రశ్నే. కాలేజీకి చేసిన అప్పు ఉంటుంది, చెల్లెలి ఫీజు ఉంటుంది. అందుకే లెక్క వేసే చూద్దాం. ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీ అనుకోండి. నెలకు 30,000 అని ఇంట్లో చెప్పుకుంటాం. అందులో పది శాతం వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అంటే 3,000 ఆగిపోతుంది, అది ఏడాది చివర పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. బేసిక్ 15,000 అయితే కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద చూపించేది 720 దాకా, ఇవి కూడా ఆ ప్యాకేజీలో కలిపే ఉంటాయి. మిగిలిన దాంట్లోంచి మీ వంతు పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200. చేతికి వచ్చేది దాదాపు 22,500. దాంట్లో హాస్టలు, తిండి, బస్సు, మెట్రో పోగా ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. అదే సమయంలో ఇంట్లో ఉండి 15,000 తెచ్చుకునే వాళ్లకు మిగిలేది కూడా వేయండి. రెండు చోట్లా మిగిలేది దగ్గరదగ్గరగా ఉంటే, ఏది ఎక్కువ నేర్పుతుందో దాన్ని తీసుకోమంటాను. మిగులులో నిజంగానే పెద్ద తేడా ఉండి, ఇంట్లో అవసరం ఉంటే, డబ్బున్న చోటికే వెళ్లండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఈ సందర్భంలోనే మా ఊరి యజమానులకు ఒక మాట చెప్పాలి, ఇది చాలాకాలంగా నా మనసులో ఉన్నదే. మంచి పిల్లలు నిలవడం లేదని మీటింగుల్లో చెప్పుకుంటారు. ఎలా నిలుస్తారు? అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. జీతం చేతిలో నోట్లుగా ఇస్తారు. 20 మంది పనిచేసే సంస్థకు పీఎఫ్ తప్పనిసరి అని తెలిసీ పుస్తకాల్లో సగం మందిని చూపించరు. నెలకు 21,000 లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది, ప్రసవానికైనా జబ్బుకైనా పనికొస్తుంది, అదీ కట్టరు. రెండేళ్లు కష్టపడిన అమ్మాయి ఇంకోచోటికి వెళ్లి తన అనుభవం చూపించుకోవాలంటే చేతిలో ఒక్క కాగితం ఉండదు. నేర్పుతున్నాం కదా అని జీతం తగ్గించడం వేరు, ఆ మనిషి ఇక్కడ పనిచేసిన ఆనవాలే లేకుండా చేయడం వేరు. రెండోది అన్యాయం. కాబట్టి పిల్లలూ, చేరేముందు మూడు సంగతులు మొహమాటం లేకుండా అడగండి. ఆర్డరు కాగితం ఇస్తారా, జీతం బ్యాంకులో వేస్తారా, పీఎఫ్ ఉందా? ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట నేర్పే మనిషి ఎంత గొప్పవాడైనా నేను మిమ్మల్ని చేరమనను.

కోచింగ్ సంగతి. గ్రూప్-2కి చదువుకుంటామని ఉద్యోగాలు వద్దనుకునే పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు. 2023 డిసెంబరు 7న 897 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది. మెయిన్స్ వాయిదాలు పడుతూ 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ప్రిలిమ్స్‌కూ మెయిన్స్‌కూ మధ్య దాదాపు ఒక ఏడాది. ఆ ఏడాదంతా రీడింగ్ రూముల్లో కూర్చుని, వాయిదా పడిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి తిరగేసిన పిల్లల మొహాలు చూశాను. చదవడం మానేయమని చెప్పను. ఉదయం రెండు గంటలు, రాత్రి రెండు గంటలు చదువుకుంటూ పగలు ఏదో ఒక పని చేయండి అంటాను. ఫలితం వస్తే సంతోషం, రాకపోతే ఇరవై ఏడేళ్ల వయసులో "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అన్న ప్రశ్నకు నేల చూడాల్సిన అవసరం ఉండదు. ఆ ప్రశ్న అడిగేవాళ్లకు మీ మీద కోపం ఉండదు, కానీ దానికి జవాబు లేనప్పుడు మనిషి లోలోపల ఎంత కుంగిపోతాడో ఇంటర్వ్యూ బల్లకు ఇవతల నుంచి కూడా కనబడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన దారి ఇంకొకటి ఉంది. కోర్సు అయ్యాక ఉద్యోగం రాకపోతే, రెండేళ్లో మూడేళ్లో అనుభవం ఉన్నట్టు కాగితాలు తయారు చేసి ఇస్తామనే వాళ్లు తగులుతారు. అందరూ చేస్తున్నదే అంటారు. వద్దు, దయచేసి వద్దు. యూఏఎన్ నంబరు (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) మీద ఏ కంపెనీ మీకు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పీఎఫ్ కట్టిందో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ సర్వీస్ హిస్టరీలో వరుసగా ఉంటుంది. చాలా కంపెనీలు అదే అడిగి చూస్తున్నాయి. చేరిన ఏడాదికి బయటపడి ఉద్యోగం పోయినా, ఆ మచ్చ తర్వాతి వెరిఫికేషన్లలో వెంట వస్తుంది. దొరక్కపోయినా ఇబ్బందే. మూడేళ్ల అనుభవం ఉందని చేరినవాళ్లు తెలియనిది పక్కవాళ్లను అడగలేరు, అడిగితే దొరికిపోతామన్న భయం. నేర్చుకోవాల్సిన వయసులో నేర్చుకునే హక్కునే పోగొట్టుకున్నట్టు. ఉద్యోగానికి డిపాజిట్ కట్టమన్నా, ట్రైనింగ్ ఫీజు అని అడిగినా అంతే, లేచి వచ్చేయండి.

ఏఐ వచ్చి ఇవన్నీ మింగేస్తుందేమో అని పిల్లలు అడుగుతున్నారు. మా ఆఫీసులో ఇన్‌వాయిస్ డ్రాఫ్టులు, మెయిళ్లు ఇప్పుడు చాలావరకు దాంతోనే తయారవుతున్నాయి. కొత్తవాళ్లకు మేము ఒకప్పుడు ఇచ్చిన పని అదే కాబట్టి భయం అర్థం చేసుకోదగిందే. కానీ అది రాసిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అప్లికేషన్లో సరుకు వివరం తప్పుందని పట్టుకునేది గోడౌనులో ఆ సరుకు చూసిన మనిషే. చూడకుండా, దిద్దించుకోకుండా ఆ పట్టు రాదు. కాబట్టి పక్కన కూర్చోబెట్టుకునే మనిషిని వెతుక్కోవడం ఇప్పుడు ఇంకా అవసరమైంది.

మరి ఎలా వెతకాలి? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఒక పొద్దున యార్డుకు వెళ్లండి. ఎవరైనా కమీషన్ వ్యాపారినో, గుమస్తానో పలకరించి, ఈ సరుకు ఎవరు కొంటారు, ఎక్కడికి పోతుంది అని అడగండి. మన దగ్గర ఇలా అడిగే పిల్లలను విసుక్కునేవాళ్లు తక్కువ, కూర్చోబెట్టి టీ ఇప్పించి చెబుతారు. మీ సీనియర్లలో గుంటూరు, విజయవాడల్లో పనిచేసే వాళ్లను కలిసి, జీతం ఎంత అని కాకుండా రోజంతా ఏం చేస్తారని అడగండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు చివర్లో "ఏమైనా అడుగుతారా?" అంటే తల అడ్డంగా ఊపి రావద్దు. "నాకు పని ఎవరు నేర్పుతారండీ? వాళ్లను ఒకసారి కలవచ్చా?" అని అడగండి. కలిసినప్పుడు వాళ్లు ఎలా మాట్లాడతారో, పక్కనున్న జూనియర్‌ను ఎలా పిలుస్తారో గమనించండి. నా మటుకు నేను ఈ ప్రశ్న అడిగిన పిల్లలను మార్కులతో పనిలేకుండా తీసుకున్నాను.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా పెట్టొద్దు. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, అక్కడే వెనక్కి తీసుకోండి. బాండ్ రాయమంటే, అవి ఎలాగూ కోర్టులో చెల్లవులే అనే స్నేహితుల మాట నమ్మొద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా వెళ్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. ఎన్నాళ్లు, ఎంత డబ్బు, నిజంగా మీకు ఇచ్చే ట్రైనింగ్ ఏమిటి, ఇవి చదివాకే సంతకం పెట్టండి. ఇంగ్లిష్ అర్థం కాకపోతే ఒకరోజు టైమ్ అడిగి తెలిసినవాళ్లకు చూపించండి.

ఎప్పుడు మానేయాలని కూడా అడుగుతుంటారు. ఆరు నెలలుగా మీ పనిలో ఎవరూ తప్పు పట్టుకోలేదంటే, మీరు కొత్త ప్రశ్న ఒక్కటీ అడగలేదంటే, పై పని ఇమ్మని ముందు అడగండి. ఇవ్వకపోతే వేరే చోటు చూసుకోండి. కోపంతో ఫోన్ స్విచాఫ్ చేసి వెళ్లిపోవద్దు. ఈ ఊళ్లలో ఒక లైనులో ఉన్నవాళ్లంతా ఒకరికొకరు తెలుసు, మీ తర్వాతి ఓనరు మీ పాత ఓనరుకే ఫోన్ చేస్తారు. నోటీసు పూర్తి చేసి, రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం చేతిలో పడ్డాక కదలండి. పీఎఫ్‌లో పడింది ఎంత చిన్న మొత్తమైనా తీసేసి ఫోన్ కొనుక్కోకుండా అదే యూఏఎన్ మీద కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి, గుంటూరులో చేసిన ఆ రెండేళ్లు కూడా అందులో లెక్కకు వస్తాయి.